సమస్య: మీసమున్న పిల్ల మెచ్చె నతని

నిర్వాహకులు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చేశాం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. సందర్భం, అన్న పేరు రాయించుకుని మగపిల్లల కబడ్డీ జట్టులో దూరిన పదో తరగతి పిల్ల. బృహన్నలను మాత్రం తేకండి. ఆ వేషం సంగతి విరాటపర్వంలో తిక్కన గారు మన నెల్లూరులోనే తేల్చేశారు.

కావలి కుర్రోడు:
అన్న జెర్సి తొడిగి యాటకు దిగె బాల
కాటుకద్ది మీసకట్టు దీర్చి
కూతకెళ్ళి పట్టుకొన్న కెప్టెనుఁ జూచి
మీసమున్న పిల్ల మెచ్చె నతని

ఒంగోలు మాస్టారు: గణాలు సరి. కూ-కొ యతి హాయిగా పడింది. కాటుక మీసం చెమటకు కారుతుందని అందరూ అంటారు గానీ, నా అనుమానం గొంతు మీద. కూతకెళ్తే 30 సెకన్లు ‘కబడ్డీ కబడ్డీ’ అని అంపైరుకు వినబడాలి గదా, అక్కడే దొరికిపోదా?

కావలి కుర్రోడు: ఆ వయసులో మగపిల్లలకే పొద్దున ఒక గొంతు, సాయంత్రం ఒక గొంతు మాస్టారూ. ఎవరు కనిపెడతారు?

నెల్లూరు పాఠకురాలు: కూతకెళ్తే పట్టేది ఎదుటి జట్టే కాబట్టి ఆ కెప్టెన్ పరాయి బడివాడు. ఆత్మకూరోడనుకుందాం. తనను అవుట్ చేసినవాణ్ణే మెచ్చింది చూడండి, ‘మెచ్చె’కు అంతకన్నా కారణం ఏం కావాలి! కాలు పట్టాడో నడుం పట్టాడో చెప్పకపోవడమే మంచిదైంది.

అల్లూరు రైతుబిడ్డ:
చెరువు గట్టు చేరి చేత మేత విసర
బడికి డుమ్మ కొట్టె బావ నేడు
రొయ్యకెంత మీసరోసమో చూడరా
మీసమున్న పిల్ల మెచ్చె నతని

ఒంగోలు మాస్టారు: రొయ్యకు బారెడు మీసమని సామెతే ఉంది, రొయ్య పిల్ల అనడమూ ఉంది. పాదం నిలిచింది. మరి ఆట ఏదబ్బాయ్? బడి ఎగ్గొట్టడం ఆటల కింద రాదు.

అల్లూరు రైతుబిడ్డ: మా ఊళ్లో వస్తుంది సార్.

సింగరాయకొండ:
ఖోఖొ జట్టులోన కొరతని చిన్నోడు
జడను పెట్టి దిగెను జంకులేక
చెమట పట్టి పూత మొత్తమ్ము కారగా
మీసమున్న పిల్ల మెచ్చె నతని

ఒంగోలు మాస్టారు: వేషం తిరగేశారు, భలే. కానీ మూడో పాదంలో చె-మొ యతి లేదు. ‘చెమట పట్టి పూత చెదిరిపోయిన వేళ’ అంటే సరిపోతుంది. ఇంతకీ అతని అంటే ఎవరిని?

సింగరాయకొండ: మీసం బయటపడ్డాక కూడా ‘పరుగెత్తమ్మా’ అని అరిచిన పీఈటీ సారును.

ఒంగోలు మాస్టారు: అయితే ఆ సారు పద్యంలోకి రావాలి. రెండో పాదం మార్చి పంపండి.