ఫర్లో ఏడాది (మిషనరీల ఇంటి సెలవు) ఎవరి సొత్తు? దంపతులదా, చర్చి సంఘాలదా?

పాత_బంగళా:
అందరికీ వందనాలు. మొన్న వేరే చర్చలో ఒకరు ఒక మాట అన్నారు: "మిషనరీలను పంపే అమెరికా బోర్డులు నాలుగేళ్ళకోసారి మిషనరీ దంపతులను ఏడాదిపాటు ఇంటికి పిలిపించడం దండగ. విమానాలొచ్చాయి కదా, ఏటా ఆరు వారాలు పంపితే చాలు." అక్కడ అది పక్కదారి పట్టింది కాబట్టి ఇక్కడ విడిగా పెడుతున్నాను.

నా వాదన ఆయన వైపే. ఏడాది ఫర్లో ఓడల కాలంలో పుట్టింది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర, దొరసాని 1864 నవంబరులో బోస్టన్‌లో ఓడెక్కితే మద్రాసులో దిగింది 1865 ఏప్రిల్‌లో. దారికే నాలుగైదు నెలలు పడితే ఇంటి దగ్గర ఏడాది ఉండకుండా ఎవరు తిరిగెళ్తారు? ఇప్పుడు ఒక్క రోజు ప్రయాణం. ఓడలు పోయినా ఏడాది మాత్రం పోలేదు. ఆ ఏడాదిలో దంపతులు చేసేది విశ్రాంతీ కాదు, పరిచర్యా కాదు. కారు డిక్కీలో బ్యానరు, మడత బల్ల, ఫోటోల స్లైడ్లు వేసుకుని ఊరూరా తిరగడం. ఏమంటారు?

కోశాధికారి_లెక్క:
ఆరు వారాలు అన్న మనిషి పన్నుల సంగతి చూసుకోలేదు.

విదేశంలో సంపాదించిన జీతానికి అమెరికా ఆదాయపన్ను మినహాయింపు కావాలంటే ఫారం 2555 వేయాలి. అందులో ఎక్కువమంది వాడే లెక్క ఇది: వరసగా ఏవైనా 12 నెలలు తీసుకుంటే 330 నిండు రోజులు అమెరికా బయట ఉండాలి. అంటే మిగిలేవి 35 రోజులు. ఆరు వారాలంటే 42. లెక్క అక్కడే తప్పింది. పైగా దిగిన రోజు, ఎక్కిన రోజు నిండు రోజులు కావు, అవీ ఈ 35లోకే వస్తాయి. "ఏటా ఆరు వారాలు" అని పాలసీ రాసుకున్న బోర్డు తన మనుషులందరికీ ప్రతి ఏడూ పన్ను చిక్కు తెచ్చిపెట్టినట్టే. ఏటా ఇంటికి పంపాలనుకుంటే నాలుగు వారాలని రాసుకోండి, విమానం ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు.

రెండో దారి ఉంది. ఆ దేశంలో నిజంగా స్థిరపడ్డారని చూపించాలి. ఒక నిండు పన్ను సంవత్సరం అక్కడ కాపురం ఉన్నవాళ్ళకు చిన్న చిన్న రాకపోకలు అడ్డు రావు. కానీ ఈ రెంటిలో ఏది పట్టుకున్నా, అమెరికా గడ్డమీద నిలబడి చేసిన పనికి వచ్చిన డబ్బు విదేశీ సంపాదన కాదు. డెప్యుటేషన్ (సపోర్ట్ ఇచ్చే సంఘాల చుట్టూ తిరగడం) చేసిన నెలల జీతానికి మినహాయింపు రాదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

అభిషేకం పొందిన పాస్టరైతే ఇంకోటి. ప్రభుత్వ పింఛను పథకం నుంచి బయటికెళ్ళనివాళ్ళు మినహాయింపు ఉన్నా లేకపోయినా 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కట్టాల్సిందే, ఫారం 2555 దాన్ని ముట్టుకోదు. ఫర్లో ఇంటి అద్దెను హౌసింగ్ అలవెన్సుగా చూపించి ఆదాయపన్ను తగ్గించుకోవచ్చు. అయితే బోర్డు ముందే తీర్మానం చేసి ఉండాలి, అద్దె కట్టేశాక రాసిన తీర్మానం చెల్లదు. జూలైలో దిగే వాళ్ళకు ఈ తీర్మానం మే మీటింగులోనే అయిపోవాలి.

పాత_బంగళా:
బ్రదర్, అయితే ఏడాదే మేలంటారా?

కోశాధికారి_లెక్క:
మేలని నేననలేదు. ఆరు వారాలు అటూ కాదు ఇటూ కాదంటున్నా.

ఇక తిరుగుళ్ళ లెక్క. ఒక జంటకు 24 సంఘాలు సపోర్ట్ ఇస్తున్నాయనుకుందాం. ఆదివారానికి ఒకటి చొప్పున 24 ఆదివారాలు. క్రిస్మస్, ఈస్టర్ వారాల్లో ఎవరూ పిలవరు. మొదటి నెల, చివరి నెల తీసెయ్యండి. మిగిలిన నలభైలో సగానికి పైగా పోయినట్టే. తొమ్మిది వేల మైళ్ళు తిరిగితే 2025 రేటు మైలుకు 70 సెంట్ల చొప్పున 6,300 డాలర్లు. ఇది బోర్డు తిరిగి ఇవ్వాల్సిన ఖర్చు. రసీదులు, మైళ్ళ పుస్తకం 60 రోజుల్లోపు పంపితే జీతంలో కలవదు, లేకపోతే జీతం కింద పన్ను పడుతుంది. తేదీ, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్ళు అన్న నాలుగు గళ్ళ నోటుబుక్కు కారులో ఉంటే చాలు, ఏ యాప్ అక్కర్లేదు.

కవరులో పెట్టి చేతికిచ్చే కానుక కూడా ఆదాయమే. "ప్రేమ కానుక" అని పైన రాసినంత మాత్రాన పన్ను పోదు. సంఘం ఆ చెక్కును బోర్డు పేరున రాసి దంపతుల ఖాతా నంబరు విడి చీటీ మీద పెడితే ఇచ్చినవాళ్ళకు రసీదొస్తుంది, వీళ్ళకు తలనొప్పి తప్పుతుంది.

రామాయపట్నం_రోడ్డు:
లెక్కలు బాగున్నాయి గానీ, తిరగడం దండగన్న మాట దగ్గరికి వద్దాం. మన తెలుగు బాప్టిస్టు మిషన్ బతికిందే ఫర్లో మీద!

1862లో బోర్డు నెల్లూరు మిషన్‌ను మూసేద్దామనుకుంది. అక్కడి మిషనరీ జ్యూవెట్ దొర అప్పటికి జబ్బుపడి అమెరికా ఇంటికొచ్చి ఉన్నాడు. ప్రావిడెన్స్ ఊళ్ళో జరిగిన మిషన్ సభలో లేచి, మీరు పంపకపోతే నా అంతట నేనే వెళ్తా, తెలుగువాళ్ళ మధ్యే బతికి అక్కడే చస్తానన్నాడు. ఆయన వెళ్ళేట్టయితే పాతిపెట్టడానికైనా తోడు ఒకర్ని పంపాలి కదా అని కార్యదర్శి అన్నట్టు మిషన్ చరిత్రల్లో చెప్పుకుంటారు. ఆ తోడుగా వచ్చినవాడే క్లౌ. జ్యూవెట్ ఆ ఏడాది ఏ కొండ ఊళ్ళోనో విశ్రాంతి తీసుకుంటూ కూర్చుని ఉంటే ఒంగోలు కథే లేదు.

క్లౌ కూడా అంతే. 1872లో ఇంటికెళ్ళి, రామాయపట్నం సెమినరీ మూలనిధికి 50,000 డాలర్లు పోగుచేశాడు. 1873లో అమెరికాలో బ్యాంకులు కూలిన ఏడాది అది. మొహమాటం లేకుండా అడిగేవాడు.

వేలూరు సంగతి కూడా తెలిసిందే. వైద్య మిషనరీ ఐడా స్కడర్ డాక్టరు చదువు ముగించుకుని తిరిగొచ్చే ముందు న్యూయార్క్‌లో ఒకే ఒక్క దాత ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో షెల్ ఆస్పత్రి లేచింది.

ఏకాంత_ప్రార్థన:
అన్నా, గెలిచినవాళ్ళ పేర్లే చెప్తున్నారు. అడగకుండా నడిచినవాళ్ళూ ఉన్నారు. చైనా మిషనరీ హడ్సన్ టేలర్ 1860లో జబ్బుతో ఇంగ్లండు తిరిగొచ్చి ఐదేళ్ళకు పైగా ఉన్నాడు. ఆ కాలంలో చేసింది చైనాలోని నింగ్‌బో వాడుక భాషలో కొత్త నిబంధన సవరణ. చైనా ఇన్‌లాండ్ మిషన్ పుట్టింది ఆ మౌనంలోంచే, 1865లో. చందా పళ్ళెం తిప్పకూడదని దానికి నియమం. బెంగాల్ మిషనరీ విలియం కేరీ 1793లో వచ్చి 1834లో శ్రీరాంపూర్‌లో కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా ఇంటికెళ్ళలేదు. మిషనరీ ఎమీ కార్మైకేల్ తమిళనాడు దోనావూరులో అంతే.

బర్మా మిషనరీ జడ్సన్ సంగతి ఇంకా గట్టిది. 33 ఏళ్ళ తర్వాత 1845లో ఇంటికొస్తే గొంతు పోయి ఉంది. ఆయన గుసగుసగా చెప్తుంటే పక్కన ఒకరు నిలబడి గట్టిగా వినిపించేవాళ్ళు. జనం మాత్రం బర్మా సాహసాలు చెప్పమని అడిగేవాళ్ళు. ఇప్పటి సంఘాలు అడిగేదీ అదే: "ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు? పాము కనిపించిందా?"

రామాయపట్నం_రోడ్డు:
కేరీ వెళ్ళకపోవడాన్ని ఆదర్శంగా చూపించకండి. ఆయన ఇంట్లో మతి చెడిన భార్య డొరోతీ పరిస్థితి ఏమిటో చరిత్రలో ఉంది.

నర్సమ్మ_డ్యూటీ:
వచ్చిన మొదటి నెలలో జరగాల్సింది ఎవరూ రాయలేదు. సంఘాల క్యాలెండరు నిండిపోయాక ఆస్పత్రికి తీరిక దొరకదు. అందుకే ఇది ముందు.

క్షయకు చర్మం పరీక్ష కాదు, రక్త పరీక్ష అడగాలి. బీసీజీ టీకా వేయించుకున్నవాళ్ళకు చర్మం పరీక్ష అబద్ధం చెప్పొచ్చు. మలం పరీక్ష ఒక్క శాంపిల్ చాలదు, వేర్వేరు రోజుల్లో మూడు. పరాన్నజీవులు రోజూ కనపడవు. రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) ఎక్కువుంటే స్ట్రాంగిలాయిడ్స్ అనే పేగు పురుగు పరీక్ష చేయించాలి. అది ఒంట్లో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది, తెలియక స్టెరాయిడ్లు వాడితే ప్రాణం మీదికొస్తుంది. పళ్ళ డాక్టరు ఎప్పుడూ ఆఖరికి మిగిలిపోతాడు. పన్ను పీకి కొత్తది కట్టాలంటే నెలలు పడుతుంది కాబట్టి అతనికే ముందు ఫోను చేయండి.

మలేరియా ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళకు ఆరు నెలల తర్వాత జ్వరమొచ్చినా "ఫలానా దేశం నుంచి వచ్చాం" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. వైవాక్స్ రకం కాలేయంలో నిద్రపోయి లేస్తుంది. అమెరికా ఊళ్ళో డాక్టరుకు అది తట్టకపోతే ఫ్లూ అని మాత్రలిచ్చి పంపేస్తాడు. కాలేయంలోది పోవడానికి ప్రైమాక్విన్ ఇస్తారు, దానికి ముందు జీ6పీడీ (ఒక ఎంజైము) పరీక్ష తప్పనిసరి.

ఇవన్నీ ఆరు వారాల్లో కావు. నా ఓటు ఏడాదికి. కానీ మొదటి 30 రోజులు ఒక్క పులిపీఠం (ప్రసంగ వేదిక) కూడా ఎక్కకూడదు.

స్త్రీల_సమాజం:
ఇప్పటిదాకా మాట్లాడినవన్నీ "దంపతుల" గురించే. నిజానికి మాట్లాడింది భర్త గురించి.

సంఘం భర్తను వాక్యానికి పిలుస్తుంది. భార్య అదే రోజు సండే స్కూల్లో పిల్లలకు చీరకట్టు చూపించాలి, స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పాలి, భోజనాల దగ్గర నలభై మందికి అవే జవాబులివ్వాలి. జీతం చీటీ మీద ఎవరి పేరుంటుంది? చాలాచోట్ల భర్త ఒక్కడి పేరే. ఇది గౌరవం గొడవ కాదు, ముసలితనం గొడవ. సోషల్ సెక్యూరిటీలో (అమెరికా ప్రభుత్వ పింఛను పథకం) సొంత పింఛనుకు 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగే వస్తాయి. 2025లో ఒక్కో క్రెడిట్‌కు 1,810 డాలర్ల సంపాదన చూపించాల్సి ఉండేది, నాలుగింటికి 7,240. దంపతుల జీతంలో అంత భాగం ఆమె పేరున విడగొడితే ఏడాది తర్వాత ఏడాది ఆమె ఖాతా నిండుతుంది. విడగొట్టకపోతే భర్త పింఛనులో సగం దాకా భార్య వాటా వస్తుందని ఊరడిస్తారు.

ఆ ఊరడింపు కూడా దక్కని ఇళ్ళున్నాయి. కొందరు పాస్టర్లు మొదట్లోనే ఫారం 4361 వేసి, మనస్సాక్షి కారణంగా సోషల్ సెక్యూరిటీ నుంచి బయటికెళ్ళిపోతారు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు డబ్బు మిగులుతుందని చేసే సంతకం అది. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. పరిచర్య జీతం మీద భర్తకే క్రెడిట్ రాదు, ఇక ఆ జీతం మీద భార్య వాటా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫర్లోలో బోర్డు ఆఫీసుకెళ్ళినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "ఆ ఫారం వేశారా? జీతంలో నా పేరుందా?" మనవాళ్ళు ప్రార్థన మనవులు ఇచ్చి వచ్చేస్తారు.

కోశాధికారి_లెక్క:
సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క సవరణ: ఉత్తినే పేరు చేర్చడం కాదు, ఆమె చేసే పనికి ఉద్యోగ వివరం రాసి ఉండాలి. అభిషేకం లేని భార్యకు హౌసింగ్ అలవెన్సు రాదు, మామూలు ఉద్యోగి లెక్కే.

కొరాపుట్_బండి:
అమెరికా వాళ్ళ గోలేనా? మన తెలుగు సంఘాలు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పంపిన దంపతులు మే నెలలో ఇంటికొస్తారు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, అందుకని మార్చిలో తేదీ ఖాయం కాకపోతే స్లీపరు కూడా దొరకదు. మేలో 44 డిగ్రీల ఎండ, ఉజ్జీవ కూడికలన్నీ అప్పుడే. పాపకు అయిదు నిండితే ఆధార్ వేలిముద్రలు, ఆయన వాళ్ళ ఊళ్ళో వారం, ఆమె పుట్టింట్లో నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో కూడా "అల్లుడుగారు వచ్చారు, రాత్రికి కూడిక పెట్టుకుందాం" అంటారు. ఒడియా మీడియంలో చదివే పిల్లాడికి తెలుగు సండే స్కూల్లో పాట రాదు, అందరి ముందూ పాడమంటారు. వీళ్ళకు ఏడాదీ లేదు, ఆరు వారాలూ లేవు. దీనికి ఏ ఫారమూ లేదు.

ఏకాంత_ప్రార్థన:
ఇది చదివాక వాక్యం వైపు చూద్దాం. మార్కు 6:31లో శిష్యులు పనిమీద తిరిగొచ్చి జరిగినదంతా చెప్తే, ఏకాంతంగా వచ్చి కాస్త అలసట తీర్చుకోండన్నాడు ప్రభువు. నా పక్షం అదే. ఏడాదిలో యాభై సార్లు వాక్యం చెప్పే మనిషి ఒక్కసారైనా వెనక బెంచీలో కూర్చుని వినాలి కదా. ఒకే సాక్ష్యం ఇరవయ్యోసారి చెప్పేటప్పుడు కన్నీళ్ళు ఎక్కడ వస్తాయో ముందే తెలిసిపోతుంది. విశ్వాసం ఎండిపోవడం అక్కడే మొదలు.

రామాయపట్నం_రోడ్డు:
ఇంకో మూడు వచనాలు చదవండి. జనం కాలినడకన ముందే అక్కడికి చేరితే ఆయన కనికరపడి బోధించాడు. సెలవు అక్కడే అయిపోయింది! అపొస్తలుల కార్యములు 14 చివర చూస్తే, పౌలు, బర్నబా అంతియొకయలో సంఘాన్ని సమకూర్చి జరిగినదంతా చెప్పారు, తర్వాత అక్కడే చాలాకాలం ఉన్నారు. చెప్పిందీ ఉంది, ఉన్నదీ ఉంది. వాళ్ళు వెళ్ళింది తమను పంపిన ఒక్క సంఘానికి. ఇరవై నాలుగింటికి కాదు.

నర్సమ్మ_డ్యూటీ:
ఆ ఆఖరి వాక్యం దగ్గరే అసలు జబ్బుంది.

పాత_బంగళా:
నా ఆరు వారాల మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో మాట చెప్తా, తప్పులుంటే పట్టండి. నాలుగేళ్ళకు పది నెలలు. ఇల్లు పంపిన సంఘం దగ్గరే, పిల్లల బడి ఆగస్టులో మొదలవుతుంది కాబట్టి జూలై మొదట్లో దిగాలి. మొదటి నెల ఆస్పత్రి, బోర్డు, నిద్ర. తర్వాత నెలకు రెండు ఆదివారాలే బయట, మిగతావి సొంత సంఘంలో వెనక బెంచీ. దూరపు సంఘాలను రెండు మూడేసి కలిపి ఒకే ఊళ్ళో కూడిక. 1922లో డోన్ అక్కచెల్లెళ్ళు న్యూజెర్సీలో, వెంట్‌నర్ సముద్రం ఒడ్డున ఫర్లో మిషనరీల కోసం ఇళ్ళు పెట్టారు. అలాంటివి ఒకట్రెండు సంఘాలు కలిసి ఇప్పుడూ పెట్టుకోవచ్చు. భార్యకు పిలుపు విడిగా రావాలి, రాకపోతే ఆమె ఆ ఆదివారం మాట్లాడదు.

స్త్రీల_సమాజం:
"పిలుపు" దగ్గర "జీతం" కూడా చేర్చండి.

కొరాపుట్_బండి:
మా వాళ్ళకు కనీసం ఆ మొదటి నెల నిద్ర ఇప్పించండి చాలు.

కోశాధికారి_లెక్క:
పది నెలలు అమెరికాలో ఉంటే 330 లెక్క ఆ ఏడాదికి మర్చిపోవాలి. జూలైలో దిగితే ఏడాది తొలి సగానికి దామాషాగా మినహాయింపు దొరుకుతుంది, 12 నెలల కిటికీని కాస్త ముందుకు జరిపి ఇంకో నెల దాకా కలుపుకోవచ్చు. తిరిగెళ్ళేది మేలో కాబట్టి వచ్చే ఏడు చివరి భాగానికీ అలాగే. కానీ ఆ 330 రోజులు పూర్తయ్యేసరికి ఏప్రిల్ 15 రిటర్ను గడువు దాటిపోవచ్చు, అలాగైతే ఫారం 2350 వేసి గడువు పొడిగించుకోండి. విమానం టిక్కెట్ల కాగితాలు పారేయకండి.