డిప్రెషన్ ఉన్న పెద్దలకు కుక్కతో థెరపీ: తిరుపతిలో హ్యాండ్లర్ (కుక్క వెంట ఉండి దాన్ని చూసుకునే వ్యక్తి) ఎవరైనా తెలుసా?

డిప్రెషన్‌కి మందులు వాడుతున్న ఆరుగురికి తిరుపతిలో వారానికోసారి, 40 నిమిషాల చొప్పున 8 వారాలు కుక్కతో సెషన్లు పెడుతున్నాం. మందులు, కౌన్సెలింగ్ ఆగవు, ఇది వాటికి తోడు మాత్రమే. మొదటి రోజు, చివరి రోజు పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం) నింపిస్తాం.

కుక్కకి ఏడాది దాటాలి, రేబిస్ టీకా కార్డు ఉండాలి. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారితే బెదురుతుంది కాబట్టి రబ్బరు మ్యాట్లు పరుస్తాం. మాటిమాటికీ పెదాలు నాక్కోవడం, ఆవలించడం, మొహం తిప్పేసుకోవడం ఒత్తిడికి గుర్తులు కావచ్చు. చూసేవాళ్లు ముద్దుగా ఉందనుకుంటారు గానీ, అలా కనిపిస్తే అక్కడితో ఆపేయాలి.

చిక్కల్లా వేళ దగ్గరే. మన ఎండలకి కుక్కకి పొద్దున ఏడు గంటలే మేలు, డిప్రెషన్‌లో చాలామందికి పొద్దున్నే మరీ భారంగా ఉంటుంది. సాయంత్రం ఆరు తర్వాత పెట్టి చూసినవాళ్లున్నారా? వెటర్నరీ యూనివర్సిటీ వైపు గానీ, చిత్తూరులో గానీ శిక్షణ పొందిన హ్యాండ్లర్ తెలిస్తే దయచేసి చెప్పండి.