సంఘంలో పుట్టి పెరిగాక చరిత్ర చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (మోర్మన్ విశ్వాసం, సందేహాలు)

హైదరాబాద్_రెండోతరం:
మా అమ్మానాన్న పెళ్లికి ముందే బాప్టిస్ట్ చర్చి వదిలి కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరారు, నేను అందులోనే పుట్టాను. 2012లో హైదరాబాద్‌లో స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) ఏర్పడింది, ఇండియాలో అదే మొదటిది, ఆ రోజు మా ఇంట్లో పండగే. ఇప్పుడు మిషన్‌కి (సంఘం తరఫున ప్రచార సేవకి) పేపర్లు పెట్టమని అందరూ అడుగుతున్నారు. సంఘం స్థాపించిన జోసెఫ్ స్మిత్ బంగారు పలకల్ని ముందు పెట్టుకుని చూస్తూ మా గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని అనువదించినట్టు చిన్నప్పటి నుంచి బొమ్మల్లో చూశాను. ఈమధ్య సంఘం వెబ్‌సైట్‌లోనే ఉన్న వ్యాసం చదివితే, టోపీలో ఒక రాయి వేసి, వెలుతురు పడకుండా అందులో ముఖం పెట్టి చెబుతూ ఉంటే పక్కవాళ్లు రాసుకునేవారట. ఆ రాయి ఫోటో 2015లో వాళ్లే విడుదల చేశారు. ఆయన చేసుకున్న చాలా పెళ్లిళ్ల సంగతి సరేసరి. మీలో ఎవరికైనా ఇలా అయిందా, అయితే ఏం చేశారు? దయచేసి వ్యతిరేకుల వీడియోలు పెట్టొద్దు, సాక్ష్యాలూ చెప్పొద్దు, రెండూ కావలసినన్ని విన్నాను.

లీహై_సాఫ్ట్‌వేర్:
నేను సభ్యుణ్ణి కాదు తమ్ముడూ, యూటాలో ఉద్యోగం, చుట్టూ అందరూ వాళ్లే. మేం ఇల్లు మారిన వారంలోనే పక్కింటివాళ్లు రొట్టె పట్టుకొచ్చారు, మంచు పడితే మన వాకిలి కూడా వాళ్లే తీసేస్తారు. స్పానిష్ ఫోర్క్‌లో కృష్ణుడి గుడి ఉంది, అక్కడ హోలీకి వచ్చేవాళ్లలో మోర్మన్ కాలేజీ పిల్లలే ఎక్కువ. కానీ ఆఫీసులో ఒకటి గమనించాను. వాళ్లకి కాఫీ నిషేధం, అందుకే వాళ్లలో ఎవరైనా మొదటిసారి కాఫీ మెషిన్ దగ్గరికి వస్తే మిగతావాళ్లు చూడనట్టు చూస్తారు, అంటే వీడు బయటికొచ్చేశాడన్నమాట. నా టీమ్‌లో ఒకతను నమ్మకం పోయి చాలా కాలమైనా ప్రతి ఆదివారం వెళ్తాడు. ఎందుకంటే, కూతురి పెళ్లి టెంపుల్‌లో జరగాలి, రికమెండ్ (సంఘం ఇచ్చే ప్రవేశ అనుమతి పత్రం) లేకపోతే కన్నతండ్రైనా లోపలికి రాకూడదు, బయట బెంచీ మీద కూర్చోవాలి. 2019 వరకు అమెరికాలో అయితే ముందు బయట పెళ్లి చేసుకుంటే టెంపుల్‌లో సీలింగ్‌కి (శాశ్వత బంధంగా జరిపే పెళ్లి తంతుకి) ఏడాది ఆగాల్సి వచ్చేది, ఆ రూలు తీసేశాక కాస్త నయం.

పురాణం_పిచ్చోడు:
పెళ్లిళ్లకే ఇంత టెన్షన్ ఎందుకు బ్రో, మన కృష్ణుడికి ఎనిమిది మంది, ఎవరైనా చర్చి మానేశారా 😄

వైజాగ్_అక్క:
పురాణం గారూ, ఇవి పురాణాలు కావు. 1843లో అమెరికాలోని నావూ పట్టణంలో బతికిన మనుషులు, డైరీలు, ఉత్తరాలు, ప్రమాణపత్రాలు ఉన్నవాళ్లు. జోసెఫ్ భార్యల సంఖ్య 30 నుంచి 40 మధ్య ఉండొచ్చని సంఘం 2014 వ్యాసమే రాసింది, అందరికంటే చిన్నమ్మాయి హెలెన్ మార్ కింబల్‌కి పదిహేను నిండలేదు. మొదటి భార్య ఎమ్మాకి అన్నీ తెలిసి కూడా జరగలేదు. ఆడపిల్ల తల్లిని, నవ్వు రాదు నాకు.

అయినా నేను సంఘంలోనే ఉన్నాను. ఇది అసలు ప్రశ్నకి జవాబు. మా ఆయనకి ఆపరేషన్ అయినప్పుడు రిలీఫ్ సొసైటీ (సంఘంలోని స్త్రీల సమాజం) అక్కలు వంతులేసుకుని క్యారియర్లు తెచ్చారు, మా సొంత చుట్టాలు ఫోన్‌తో సరిపెట్టారు (ఆ చుట్టాలే మా ఇంటికొస్తే టీ ఇవ్వలేదని ఇప్పటికీ దెప్పుతారు, టీ, కాఫీ వద్దనే 1833 నాటి జ్ఞానవాక్యం వాళ్లకి ఎక్కడ చెప్పను). జోసెఫ్ విషయంలో నాకు జవాబు దొరకలేదు, దొరికిందని అబద్ధం చెప్పను. పిల్లలకి మాత్రం టోపీ, రాయి సంగతి నేనే ముందు చెప్పేశాను, రేపు ఎవడో చెబితే అమ్మ దాచిందని అనుకోకూడదు కదా.

గోదావరి_మాజీ:
నేను బయటికొచ్చేశాను. నన్ను పలకలూ రాళ్లూ కదిలించలేదు. 1835లో మమ్మీలతో పాటు కొని, జోసెఫ్ అబ్రాహాము గ్రంథంగా అనువదించానన్న ఈజిప్టు రాతచుట్టల్లో కొన్ని 1967లో న్యూయార్క్ మ్యూజియంలో బయటపడి, అవి మామూలు అంత్యక్రియల పాఠాలని తేలడం కూడా నన్ను పెద్దగా కదిలించలేదు, ఏ మతాన్ని తవ్వినా ఏదో ఒకటి బయటపడుతుంది అనుకున్నాను.

నన్ను తాకింది వేరే. మాది మాలపల్లి. గత జన్మలో ఏదో చేశావు కాబట్టి ఇలా పుట్టావు అని విని విని మా ముత్తాత మిషనరీల దగ్గరికి వెళ్లాడు. నేను కాలేజీలో ఉండగా ఈ సంఘంలో చేరాను, అందరూ బ్రదర్, సిస్టర్, ఇంటిపేరు ఎవరూ అడగలేదు, నాకది చాలు. తర్వాత యాజకత్వం (సంఘంలో మగవాళ్లకి ఇచ్చే మతాధికారం) చరిత్ర చదివాను. జోసెఫ్ కాలంలో ఎలైజా ఏబుల్ లాంటి నల్లజాతి ఎల్డర్లు ఉన్నారు, 1852లో జోసెఫ్ తర్వాతి నాయకుడు బ్రిగమ్ యంగ్ నిషేధం ప్రకటించాడు, ఆఫ్రికా మూలాలున్నవాళ్లకి 1978 జూన్ దాకా యాజకత్వమూ లేదు, టెంపుల్‌లో చేసే ఎండోమెంట్ అనే పవిత్ర తంతూ లేదు. ఎందుకంటే చెప్పిన కారణాల్లో ఒకటేంటో తెలుసా? ఈ లోకానికి రాకముందు ఆత్మలుగా ఉన్నప్పుడు వాళ్లు సరిగా నడుచుకోలేదట! 1949 నాటి ప్రథమ అధ్యక్షత్వపు (సంఘం అత్యున్నత నాయకత్వపు) ప్రకటనలోనూ ఆ ఛాయ ఉంది. మన మీద ఆ నిషేధం లేదు, నిజమే. కానీ ఆ తర్కం నాకు కొత్త కాదు, మా ముత్తాత ఏ మాట నుంచి పారిపోయాడో అదే మాట ఇంగ్లీషులో ఎదురైంది. 2013లో ఆ సిద్ధాంతాలన్నీ తమవి కావని సంఘం స్పష్టంగా రాసింది, అందుకు గౌరవం ఉంది. నూట ఇరవై ఏళ్లకి పైగా ప్రవక్తలు పొరపాటు పడొచ్చంటే, ఇవాళ చెప్పేది ఎలా నమ్మను అన్నది నా ప్రశ్న. అడిగితే మా క్లాసు టీచరు ‘ముందు నీ సందేహాల్ని సందేహించు’ అన్నారు. అది 2013 కాన్ఫరెన్సులో సంఘ నాయకుడు ఉక్‌డార్ఫ్ చెప్పిన మాట, ఆయన ప్రసంగం మొత్తం చదివితే చాలా మెత్తగా ఉంటుంది, మా టీచరు నోట్లో మాత్రం తలుపు వేసినట్టు వినిపించింది.

వైజాగ్_అక్క:
తమ్ముడూ, మీ ముత్తాత గారి మాట మా స్త్రీల క్లాసులో చెప్పాలని ఉంది, మీ పేరు లేకుండా. చెప్పొచ్చా?

గోదావరి_మాజీ:
చెప్పండి అక్కా. ఊరి పేరు కూడా వద్దు.

హైదరాబాద్_రెండోతరం:
అన్నా, కులం కోణం నాకు అసలు తట్టనే లేదు, మా ఇంట్లో ఆ మాటే ఎత్తరు. నిన్న నాన్నకి ఆ వ్యాసాలు పంపాను, ‘ఇది మన సంఘం సైటేనా’ అని రెండుసార్లు అడిగారు. ఇంకా చదువుతూ ఉన్నారట, కోప్పడలేదు. పేపర్లు ఇప్పుడే పెట్టనని మాత్రం చెప్పేశాను, బిషప్‌కి (మా స్థానిక సంఘ పెద్దకి) తానే చెబుతానని నాన్న అన్నారు, వద్దు నేను చెప్పుకుంటానన్నాను. అమ్మకి ఎవరు చెప్పాలన్న దగ్గర ఇద్దరం ఆగిపోయాం.