1994 ఖడ్గమృగం పావలా, రెండు వైపులా అదే బొమ్మ

గల్లాపెట్టె: తాతగారి కొట్టు సామాన్లలో దొరికింది. ఒకవైపు మామూలుగానే ఉంది. రెండోవైపు సింహాలు లేవు, అదే ఖడ్గమృగం లోపలికి గుంటపడి అటు తిరిగి ఉంది. టంకసాల (మింటు)లో పొరపాటున ఇలా పడ్డ ఎర్రరేనా? మచ్చలు పోవాలంటే దేంతో తోమాలి? ఎక్కడ అమ్మొచ్చు?

చారాణా_చిచ్చా: గిది లఖీ అన్నా. ముందు కొట్టిన బిళ్ల డైకి, అంటే అచ్చుకి, అతుక్కపోతే, తర్వాతి బ్లాంకు (బొమ్మ పడని బిళ్ల) మీద దాని బొమ్మ ఉల్టా పడ్తది. నా తాన 1957 కంచు నయా పైసలో గిసొంటిది ఉంది. నక్షత్రం ఉందా సూడు, ఉంటే మన హైదరాబాద్ మింటుదే!

ఉక్కునగరం: మళ్లీ నక్షత్రమేనా! చుక్క నోయిడా, డైమండ్ ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఇందులో రేర్ ఏముంది? నక్షత్రం చూపించి వేలకు వేలు గుంజే వాళ్లు తయారయ్యారు.

చారాణా_చిచ్చా: రేర్ అని నేనెప్పుడన్న? చదివి మాట్లాడు.

డై_మాస్టారు: ఇద్దరూ ఆగండి. ఇక్కడ నాకంటే ఎక్కువ ఎర్రర్లు పట్టినవాళ్లుంటే చేయెత్తండి. మామూలు నాణెం మీద ఇంకోటి పెట్టి వైస్‌లో బిగించినా ఇలాగే గుంట పడుతుంది. భూతద్దంతో చూడండి, గుంట అడుగున సింహాల ఆనవాలో, నలిగిన అక్షరాలో కనిపిస్తే దొంగ సరుకే. అంచు తెగిన నాణేల్లోనూ దొంగవి ఉంటాయి. అసలుదైతే కోతకి సరిగ్గా ఎదురుగా అంచు పలచబడుతుంది. ఆకురాయితో అరగదీస్తే అది రాదు.

ఉక్కునగరం: అన్నిటికీ పలచబడదు మాస్టారూ. నా దగ్గరున్నది అసలుదే, అంచు నిండుగానే ఉంది.

డై_మాస్టారు: ఎవరు అమ్మారో వాళ్లనే అడగండి.

చిల్లర_దేవి: మీ గొడవ మీరు పడండి. పావలాకి ఐదు లక్షలిస్తామని మా ఆడపడుచుకి ఫోన్ వచ్చింది, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారు, కట్టేసింది. ఇలాంటి వాటిని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే చెప్పింది. 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయిన పావలాకి లక్షలెవడిస్తాడు?

ఉక్కునగరం: చిచ్చా, నీ లఖీ నయా పైస ఫొటో పెట్టు, తేల్చేద్దాం.

చారాణా_చిచ్చా: పెట్ట. పోయినసారి పెడితే ఎవడో ఎత్కపోయి ఆ ఫొటోతోనే అమ్మకానికి పెట్టిండు.