రికెట్స్ గ్లెన్: మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో వెళ్ళొచ్చా? టెంటా, క్యాబినా?

ఎడిసన్ నివాసి:
అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు మే మొదట్లో గుంటూరు నుంచి వస్తున్నారు, ఆగస్టు దాకా ఉంటారు. నయాగరా, న్యూయార్క్, బ్రిడ్జ్‌వాటర్ గుడి ఎలాగూ ఉన్నాయి, వాటితో పాటు పెన్సిల్వేనియాలో రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్క్‌కి ఒక వీకెండ్ తీసుకెళ్దామని ఉంది. ఒకే చోట 22 జలపాతాలు అని ఎక్కడో చూసి నాన్న ఎగిరి గంతేశారు. ఆయన రోజూ వాకింగ్ చేస్తారు, "తలకోన ఎక్కినవాణ్ణి, నాకిదో లెక్కా" అంటున్నారు. అమ్మకి మాత్రం మోకాళ్ళ నొప్పులు, ఎక్కడం కన్నా దిగడం ఇంకా కష్టం. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి ఐదు. అమ్మ కొంచెం దూరమైనా ట్రైల్ నడవగలదా? ఎప్పుడు వెళ్తే నీళ్ళు బాగా ఉంటాయి? రాత్రి అక్కడే ఉండాలని పిల్లల గొడవ, టెంట్ వేస్తే అమ్మ పడుకోగలదా లేక క్యాబిన్ చూసుకోవాలా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

హేజిల్టన్ అన్న:
ముందు అమ్మగారి సంగతి. జలపాతాల వెంట వెళ్ళే ఫాల్స్ ట్రైల్ ఆవిణ్ణి దించొద్దు. లేక్ రోజ్ పార్కింగ్ నుంచి బయల్దేరితే మొదట అడవిలో మామూలు బాటే, ఇంతేనా అనిపిస్తుంది, సరిగ్గా జలపాతాలు మొదలయ్యే చోటే రాతిమెట్లు కూడా మొదలవుతాయి. మెట్లంటే అలిపిరి మెట్లు ఊహించుకోకండి. ఒకటి జానెడు ఎత్తుంటే పక్కది మోకాలెత్తు ఉంటుంది, తుంపర పడి ఎప్పుడూ తడిగా ఉంటాయి, పట్టుకోవడానికి చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, పక్కన చూస్తే కింద వాగు. పైగా ఇక్కడ ముందు దిగి తర్వాత ఎక్కాలి, అంటే కాళ్ళు అలిసిపోయాకే అసలు కష్టం మొదలవుతుంది. మధ్యలో "ఇక నావల్ల కాదు" అంటే ఎటు వెళ్ళినా ఎక్కుడే.

అలాగని ఆవిణ్ణి కార్లో కూర్చోబెట్టక్కర్లేదు. కింద రూట్ 118 పక్కన ఇంకో పార్కింగ్ ఉంది, అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే ఆడమ్స్ ఫాల్స్. 36 అడుగులే, కానీ ఇరుకు రాతి సందులోంచి నీళ్ళు దూకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. దాని దగ్గరే ఎవర్‌గ్రీన్ ట్రైల్, మైలు దూరం, వందల ఏళ్ళ నాటి హెమ్‌లాక్ చెట్ల మధ్య నడక. అమ్మగారికి ఓపిక ఉన్నంతవరకు నడిచి వెనక్కి రావచ్చు. మధ్యాహ్నం పైన లేక్ జీన్ దగ్గర కూర్చోబెట్టండి, 245 ఎకరాల సరస్సు, బీచ్ ఉంది, నీడ ఉంది, పిక్నిక్ బల్లలున్నాయి. మీరో మీవారో ఒకరు ఆవిడతో ఉండి, మిగతావాళ్ళు నాన్నగారితో ట్రైల్ చేయండి.

నాన్నగారికి, పాపకి పై లూప్ చాలు, 3.2 మైళ్ళు. 22లో 18 జలపాతాలు అందులోనే వచ్చేస్తాయి. 7.2 మైళ్ళ పూర్తి ట్రైల్ జోలికి పోవద్దు. ఐదేళ్ళ బాబుని మాత్రం అమ్మమ్మ దగ్గరే ఉంచండి, ఆ అంచుల వెంట వాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళకి టెన్షన్ తప్ప ఏమీ కనపడదు.

పార్సిప్పనీ పద్మ:
అన్న చెప్పిందంతా కరెక్టే. నీళ్ళ సంగతి నేను చెప్తా. మేలోనే వెళ్ళండి, జెట్‌లాగ్ పోగానే. మంచు కరిగాక, వసంతం వానలకి ఆ జలపాతాలున్న వాగు, కిచెన్ క్రీక్, నిండుగా ఉంటుంది. జులై చివరికొచ్చేసరికి, వానలు పడకపోతే, చిన్న జలపాతాలన్నీ సన్నటి ధారలైపోతాయి, గనోగా ఒక్కటే కాస్త పరువు నిలబెడుతుంది. అది అన్నిట్లోకీ పెద్దది, 94 అడుగులు. నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి, తలకోన 270 అడుగులు కదా, ఎత్తులో దీంతో పోలికే లేదు, "ఇంతేనా" అనేస్తారు! ఇక్కడ గొప్పంతా వరసలో ఉంది: ఒకటి చూసి మలుపు తిరిగేలోపు ఇంకోటి వినపడుతుంది.

ఇంకో మాట, శని ఆదివారాల్లో లేక్ రోజ్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. తొమ్మిదింటికి ఎడిసన్‌లో టిఫిన్ చేసి బయల్దేరితే అక్కడ దిగేసరికి మధ్యాహ్నం, చోటు దొరకదు. వీలైతే శుక్రవారం సెలవు పెట్టండి. ఎంట్రీ ఫీజు లేదు, పెన్సిల్వేనియా స్టేట్ పార్కులన్నీ అంతే, మన న్యూజెర్సీలో కొన్ని పార్కుల్లోలా గేటు దగ్గర కార్డు తీయక్కర్లేదు.

టెంట్ రాజు:
పై లూప్ ఏ వైపు నుంచి తిరగాలో ఎవరూ చెప్పలేదు. అక్కడ రెండు లోయలు, గ్లెన్ లీ, గనోగా గ్లెన్. గ్లెన్ లీ వైపు దిగి, రెండు వాగులూ కలిసే వాటర్స్ మీట్ దగ్గర మలుపు తీసుకుని, గనోగా గ్లెన్ వైపు ఎక్కండి. పెద్ద జలపాతం చివర్లో వస్తుంది, అదీ మజా.

హేజిల్టన్ అన్న:
రాజుగారూ, కుర్రాళ్ళకైతే సరే. గ్లెన్ లీ వైపు వాలు ఎక్కువ, తడి రాళ్ళమీద నిటారుగా దిగడం కన్నా ఎక్కడం నయం. పెద్దాయనతో వెళ్తూ మజా లెక్కలేంటి? గనోగా వైపు దిగి గ్లెన్ లీ వైపు ఎక్కించండి, పైన హైలాండ్ ట్రైల్ రెంటినీ కలిపేస్తుంది. వాటర్స్ మీట్ దగ్గర ఓపిక మిగిలి ఉంటే ఇంకాస్త కిందికి దిగితే మరో మూడు జలపాతాలున్నాయి, కానీ దిగినదంతా మళ్ళీ ఎక్కాలని గుర్తుంచుకోండి. ఆ బాట వేసినవాళ్ళ కష్టం కూడా నాన్నగారికి చెప్పండి, ఆ భూముల యజమాని కల్నల్ రికెట్స్ 1889 నుంచి 1893 దాకా ఆరుగురు మనుషుల్ని పెట్టి వేయించాడు. ఆయన గెటీస్‌బర్గ్ యుద్ధంలో ఫిరంగి దళం నడిపిన మనిషి.

టెంట్ రాజు:
సరే, నాన్నగారి విషయంలో ఒప్పుకుంటున్నా 🙂 ఇక క్యాంపింగ్. సైట్లు మొత్తం 120, లేక్ జీన్ పక్కనే, టాయిలెట్లు, వేడినీళ్ళ షవర్లు ఉన్నాయి, అడవిలో కష్టపడాల్సిందేమీ లేదు. క్యాబిన్లు మాత్రం పదే. రిజర్వేషన్ 11 నెలల ముందే తెరుస్తారు కాబట్టి వేసవి వీకెండ్‌కి ఇప్పుడు క్యాబిన్ దొరకడం కష్టం, ఎవరైనా క్యాన్సిల్ చేస్తారేమో రోజూ చూస్తూ ఉండండి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి నేలమీది పరుపులోంచి లేవడమే ఒక పని, టెంట్ తప్పదనుకుంటే ఎత్తుగా ఉండే మడత మంచం ఒకటి కొనండి. రాత్రిళ్ళు మేలో కూడా బాగా చలి, రెండు రగ్గులు తీసుకెళ్ళండి.

మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకోనిది తిండి. అక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయి. పులిహోర, ఆవకాయ సీసా, పిల్లల బిస్కెట్లు, ఆఖరికి టూత్‌పేస్ట్ కూడా టెంట్‌లో పెట్టొద్దు, అన్నీ కారులో పెట్టి లాక్ చేయండి. తిన్న ప్లేట్లు "పొద్దున కడుగుదాంలే" అని బల్లమీద వదిలేయొద్దు. కట్టెలు ఇంటి దగ్గర్నుంచి మోసుకెళ్ళకండి, వాటితో పురుగులు అడవికి చేరతాయి, అక్కడే కొనుక్కోండి. మద్యం స్టేట్ పార్కుల్లో నిషేధం. రాత్రి తొమ్మిది దాటాక స్పీకర్లో పాటలు పెడితే రేంజర్ వస్తాడు.

వర్జీనియా వేణు:
ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, రెండు బ్యాచ్‌లుగా విడిపోతే ఎన్నింటికి ఎక్కడ కలవాలో ముందే మాట్లాడుకోండి. రూట్ 118 నుంచి 487 మీద పైకి ఎక్కే ఘాట్ చాలా నిటారు, దిగేటప్పుడు లో గేర్ వాడండి. బయల్దేరే ముందు పార్క్ వెబ్‌సైట్ చూడండి, ట్రైల్ రిపేర్లకని అప్పుడప్పుడు కొంత భాగం మూసేస్తుంటారు. నాన్నగారికి వాకింగ్ షూస్ పనికిరావు, అడుగు అరిగినవైతే అసలే వద్దు, గ్రిప్ ఉన్న హైకింగ్ షూస్, ఒక జత కర్రలు కొనండి.

ఎడిసన్ నివాసి:
అందరికీ చాలా థ్యాంక్స్. క్యాబిన్లు చూశాను, మేలో ఒక్కటీ లేదు. అమ్మతో మాట్లాడితే "మీరంతా వెళ్ళండి, నేను సరస్సు దగ్గర బాబుని చూసుకుంటా, టెంట్‌లో మాత్రం పడుకోను" అంది. అందుకని పార్క్ దగ్గరి ఊళ్ళో హోటల్‌లో దిగి, శుక్రవారం పొద్దున పార్క్‌కి వెళ్దామనుకుంటున్నాం. బెంటన్‌లో మంచిదా, బ్లూమ్స్‌బర్గ్‌లోనా? మా అమ్మకి పొద్దున్నే కాఫీ పడాలి, రూములో కెటిల్ ఉంటే చాలు.

పార్సిప్పనీ పద్మ:
బ్లూమ్స్‌బర్గ్. కాలేజీ ఊరు, హోటళ్ళు ఎక్కువ, ఇంటర్‌స్టేట్ 80 పక్కనే, పార్క్‌కి 30 మైళ్ళు. మే మొదట్లో కాలేజీ గ్రాడ్యుయేషన్ ఉంటుంది, ఆ వారం తప్పించి బుక్ చేయండి. కెటిల్ మాత్రం మీదే పట్టుకెళ్ళండి.