బ్యాటరీ తీసేసి ల్యాప్‌టాప్‌ని కరెంటు మీదే నడపొచ్చా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడి పెద్దవాళ్లకి నోటికొచ్చిన తెలుగు పాటలన్నీ మా నాన్నగారు తన పాత ల్యాప్‌టాప్‌లో టైపు చేసి దాస్తున్నారు. ఆ పనంటే ఆయనకి ప్రాణం.

బ్యాటరీ పూర్తిగా పోయింది, ఛార్జర్ పెడితేనే ఆన్ అవుతుంది. టచ్‌ప్యాడ్ ఎడమ మూల పైకి లేచింది, నొక్కితే క్లిక్ పడటం లేదు. బ్యాటరీ ఉబ్బిందనే నా అనుమానం. ఉబ్బిన లిథియం బ్యాటరీతో నిప్పు ప్రమాదం, అందుకే విప్పించి తీయించేస్తాను.

అసలు బాధ ఆ తర్వాతది. గాలి గట్టిగా వీస్తే చాలు, ఇక్కడ కరెంటు రెప్పపాటు పోయి వస్తుంది. మెషీన్ టప్పున ఆగిపోతుంది, సేవ్ చేయని పేజీ పోతుంది. లోపలున్నది తిరిగే హార్డ్‌డిస్క్, మాటిమాటికీ ఇలా ఆగితే పాటలన్నీ పోతాయేమోనని భయం. ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసిపెట్టాను.

అడాప్టర్ మీద 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంది, అంటే 65 వాట్లు. రౌటర్‌కి పెట్టే 12 వోల్టుల చిన్న యూపీఎస్ (కరెంటు పోయినా కాసేపు నడిపించే పెట్టె) దీనికి పనికిరాదు. డెస్క్‌టాప్‌కి వాడే 600 వీఏ యూపీఎస్ కొంటే సరిపోతుందా? లేక ఆ డబ్బుతో కొత్త బ్యాటరీ వేయించడమే మేలా? పక్కనే పాతపట్నంలో అడిగితే కంపెనీది కాని బ్యాటరీయే ఉందన్నారు. అలాంటిది నమ్మొచ్చా?

ఇంకొకటి. బ్యాటరీ లేకపోతే కొన్ని మోడళ్లు ప్రాసెసర్ వేగం తగ్గించేస్తాయి. అలా నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది అనిపించిందో లేదో చెప్పండి. తీసేసిన బ్యాటరీని ఎక్కడ ఇవ్వాలో కూడా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.