ఒక్క రోజు తప్పితే మళ్లీ మొదలుపెట్టలేకపోతున్నాను, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరు జయనగర్‌లో పీజీలో ఉంటున్నాను. ఈసారి ప్రమోషన్ రాలేదు, దాన్ని ఒప్పుకోవడానికే రెండు నెలలు పట్టింది. తర్వాత పొద్దున్నే లాల్‌బాగ్‌లో నడక, రాత్రి డైరీలో నాలుగు లైన్లు మొదలుపెట్టాను. 12 రోజులు బాగా సాగింది. ఒకరోజు సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా చేరాను, మర్నాడు లేవలేదు. అంతే, వారం పోయింది. ‘నీవల్ల కాదులే’ అని లోపల ఒకటే పోరు. ఇది మూడోసారి.

లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధనలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందట, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. అది చదివాక కాస్త ధైర్యం వచ్చింది. కానీ ఆ తప్పిన మర్నాడు పొద్దున మనసుకి ఏం చెప్పుకుని లేస్తారు? ఉద్యోగం చేస్తూ నిలబెట్టుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. ఫోన్‌లో అమ్మకి బాగున్నానని చెప్పేటప్పుడు అది నిజం కావాలని ఉంది.